ఉద్దానంలో తాతగారి పెంకుటిల్లు: సెలవుల్లో వచ్చి బాగు చేయించాలా, పడగొట్టి శ్లాబు వేయాలా?

కవిటి కుర్రాడు (దుబాయ్):
మాది కవిటి దగ్గర పల్లె. తాతగారు కట్టించిన మండువా ఇల్లు, సున్నంతో కట్టిన ఇటుక గోడలు, తాటి దూలాలు. అమ్మ విశాఖలో అక్క దగ్గర ఉంటోంది, అందుకని ఇంటికి ఏడాదిలో ఎక్కువ కాలం తాళమే. నాకు ఏటా నెల సెలవు. దానికి తోడు ఇంకొన్ని వారాలు ఊళ్ళో కూర్చుని పని చేసుకోవడానికి ఆఫీసు ఒప్పుకుంది. ఆ రోజుల్లో విడతల వారీగా ఇల్లు బాగు చేయించాలని నా కోరిక. చిన్నాన్న మాత్రం "తిత్లీ తుపాను చూసి కూడా పెంకులంటావేట్రా, పడగొట్టి శ్లాబు వేసేయ్" అంటున్నాడు. ఇలాంటి పని చేయించినవాళ్ళు చెప్పండి.

పలాస వాసి:
మీ చిన్నాన్న మాటే నా మాట తమ్ముడూ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. మా వీధిలో పెంకులు ఎగిరిపోతుంటే పిల్లల్ని, ముసలివాళ్ళని పక్కింటి శ్లాబు కిందికి చేర్చాం. ఆ రాత్రి ఊళ్ళో ఉన్నవాడెవడూ పెంకుటిల్లు అందం గురించి మాట్లాడడు. నువ్వు దుబాయ్ వెళ్ళిపోతావు. వాన కారితే ఎవరెక్కుతారు పైకి? కోతులు పెంకులు తీసి పారేస్తే ఎవరు సర్దుతారు? కూన పెంకు చేసేవాళ్ళు కూడా ఇప్పుడు దొరకడం లేదు. నెల సెలవులో అమ్మ దగ్గర కూర్చోవాలి గానీ మేస్త్రీల వెంట తిరుగుతావా?

తాపీ పని (టెక్కలి):
మా నాన్న తాపీ మేస్త్రి, నేనూ అదే పనిలో ఉన్నాను. పలాస అన్నగారి బాధ నాకు తెలుసు, తిత్లీ తరవాత నెలల తరబడి కప్పులే కట్టాం. అయినా ఈ ఇంటిని పడగొట్టవద్దనే చెబుతాను.

శ్లాబు వేసి తాళం పెడితే దిగుల్లేదనుకోవడం తప్పు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలి ఊచల్ని తినేస్తుంది. ఉప్పు ఇసక కలిపారంటే ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. ఊచ ఉబ్బి, కింద పెచ్చులు రాలిపోతున్న శ్లాబులు మన తీరంలో ఎన్నో ఉన్నాయి. పెంకు పగిలితే పెంకు మారుస్తాం. ఊచ తుప్పు పట్టిన శ్లాబుని ఏం చేస్తావు?

పాత ఇళ్ళను నిజంగా చంపేవి రెండు: పైనుంచి కారే నీరు, గోడ మీద వేసే సిమెంటు. సున్నం గోడ తేమ పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే ఉండిపోయి, రెండు మూడు వానాకాలాలకు పూత ఉబ్బి ఊడిపోతుంది. అప్పుడు "పాత గోడ, బలం లేదు" అంటారు. గోడ తప్పేమీ లేదు. గానుగ సున్నం, జల్లించిన ఇసక చాలు. మా నాన్న కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కూడా కలిపేవాడు. పూత పల్చగా వేసి, ఆగి, మళ్ళీ వేయాలి. మధ్యలో నీళ్ళు చల్లుతూ ఉండాలి. ఒక్క సెలవులో తొందరగా ముగించే పని కాదిది. నువ్వు విడతలుగా వస్తానంటున్నావు కాబట్టే ఈ ఇంటికి మంచిది.

వరస మాత్రం తప్పవద్దు. విదేశం నుంచి వచ్చినవాళ్ళు ముందు బాత్రూం టైల్స్, రంగులు మొదలుపెడతారు. అవి ఆఖరికి. మొదట కప్పు: పెంకులన్నీ దించి, చెదలు పట్టిన వాసాలు మార్చి, మళ్ళీ నేయించు. తరవాత చూరు నీళ్ళు పునాది దగ్గర నిలవకుండా కాలువ తీయించు. ఆ తరవాతే గోడలు.

ఇక ఎప్పుడు రావాలి? సంక్రాంతికి వస్తే పండగ జరుగుతుంది, పని జరగదు. హైదరాబాద్, చెన్నై వెళ్ళిన మేస్త్రీలు ఊరొచ్చేది కూడా అప్పుడే, వాళ్ళు పండగ చేసుకోవాలి కదా. అప్పుడు మాట్లాడుకుని, పండగ అయ్యాక వాళ్ళని ఆపుకో. మార్చి దాటితే మనుషులు జీడితోటలకు పోతారు, ఎండకు సున్నం పూత తొందరగా ఆరి బీటలు కూడా ఇస్తుంది. దుబాయ్‌లో తొమ్మిదంటే మనకు పదిన్నర. పొద్దున్నే మేస్త్రితో నిలబడి ఆ రోజు పని చెప్పి, తరవాత కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు.

రాజాం శారద:
పెంకా శ్లాబా అని తేల్చుకునే ముందు ఒక మాట బావూ. ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది? తాతగారి ఇల్లంటే చిన్నాన్నకూ వాటా ఉంటుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తరవాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఉంది, కాబట్టి అక్కనూ అడగాలి. మా ఇంట్లో తమ్ముడు అమెరికా నుంచి డబ్బు పంపి బాగు చేయించాడు. పంపకాల రోజున "నిన్నెవరు చేయించమన్నారు" అన్నారు. వాడు పడ్డ బాధ చూసి చెబుతున్నాను. ముందు అందరూ కూర్చుని కాగితం రాసుకోండి, ఖర్చు ఎవరిదో, ఇల్లు ఎవరు వాడుకుంటారో.

పలాస వాసి:
శారద గారు చెప్పింది నిజం. తాపీ తమ్ముడూ, గాలికి మాత్రం నువ్వు జవాబు చెప్పలేదు.

తాపీ పని (టెక్కలి):
చెబుతాను అన్నా. గాలి ముందు పట్టేది చూరునీ, కొప్పునీ. ఆ వరసల్ని సున్నంతో బిగించి, దూలాలకు గోడలోకి ఇనప పట్టీలు వేస్తే నష్టం చాలా తగ్గుతుంది. అసలు ఎగరదని మాత్రం నేను అనను. అందుకే పెరటివైపు వంటగది, స్నానాలగది కలిపి చిన్న శ్లాబు వేయించమంటాను. తుపాను రాత్రి మనుషులకు అదే దిక్కు. పడగొట్టే ఇళ్ళ దగ్గర పాత పెంకులు కొని పెరట్లో పేర్చుకుంటే పగిలినవి మార్చుకోవడానికి ఉంటాయి.

కోతులకూ కారడానికీ మందు ఒకటే, ఇంట్లో మనిషి ఉండడం. పదకొండు నెలలు గాలి తగలని ఇంటికి చెదలు పడతాయి, అది పెంకుటిల్లయినా బంగళా అయినా. ముందు గదులు ఊళ్ళో ఎవరికైనా అద్దె లేకుండా ఇవ్వు. పొయ్యి వెలగాలి, వారానికోసారి మండువా కడగాలి. వానకు పెంకు జరిగితే, నిన్ను అడగకుండానే మేస్త్రిని పిలిచే హక్కు వాళ్ళకి ఉండాలి. కొంత డబ్బు కూడా వాళ్ళ దగ్గరే ఉంచు. దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో కారే చోటు చూపించమంటూ కూర్చుంటే ఆ వానాకాలమే అయిపోతుంది.

కవిటి కుర్రాడు (దుబాయ్):
అందరికీ దండాలు. మా వెనక వీధిలో రాములమ్మ పిన్ని ఉంది. కొడుకు కోడలు చెన్నైలో పనికెళ్తే మనవరాలితో పూరింట్లో ఉంటోంది. ఆమెను ముందు గదుల్లో ఉండమని అడుగుతాను. అక్కతోనూ చిన్నాన్నతోనూ సంక్రాంతికి కూర్చుంటాం. పండగ తరవాత మొదలు కప్పే.

పలాస వాసి:
నా అభిప్రాయం మారలేదు, నేనైతే పూర్తి శ్లాబే వేస్తాను. నువ్వు బాగు చేయించేదే ఖాయమైతే, వెనక శ్లాబు గది ఆఖరుకు పెట్టుకోకు. కప్పుతో పాటే మొదలుపెట్టు. రాబోయే అక్టోబర్‌కి అది లేవాలి, ఆ పిన్నికీ పిల్లకీ తల దాచుకునే చోటు ఉండాలి.