వాయుగుండం: గాలికి గుండం ఏంది?

చిత్తూరు నుంచి ఒక సభ్యుడు:

టీవీలో వాయుగుండం అన్నప్పుడల్లా మా పాప అడుగుతా ఉంది, "గాలికి గుండం ఏంది నాయనా?" అని. దానికి తెలిసిన గుండం ధర్మరాజుల గుడి దగ్గర, భారతం ఉత్సవాల ఆఖర్న తొక్కే నిప్పులగుండం ఒకటే. వాతావరణం వాళ్లు ఇంగ్లీషులో చెప్పే డిప్రెషన్‌కు ఇది సరైన తెలుగేనా? పెద్దలెవరైనా చెప్పండి.

తిరుపతి నుంచి నా జవాబు:

సరైనదే తమ్ముడూ. నన్నడిగితే ఇంగ్లీషు మాట కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది.

సంస్కృత కుండమే మన నోట గుండమైంది. నిప్పులదే కానక్కర్లేదు, లోతైన నీటి మడుగూ గుండమే. సుడిగుండం అన్నామంటే అందులో లోతూ ఉంది, తిరుగుడూ ఉంది. వాయుగుండంలోనూ ఆ రెండూ ఉన్నాయి.

గాలిమాటలు, గాలికబుర్లు అంటూ మన భాష గాలికి బరువే లేదని తేల్చేసింది. నిజానికి సముద్రమట్టం దగ్గర ఒక చదరపు మీటరు నేల మోస్తున్న గాలి బరువు సుమారు 10 టన్నులు. మన ఒంటి లోపలి ఒత్తిడి దానికి సరితూగుతుంది కాబట్టి మనకు తెలియదు. ఆ బరువు వేసే ఒత్తిడే వాతావరణ పీడనం, సగటున 1013 హెక్టాపాస్కల్స్. వెచ్చని సముద్రం మీద గాలి ఆవిరిని నింపుకుని పైకి లేస్తూ పోతే కింద ఈ పీడనం తగ్గుతుంది. నూటికి ఒక వంతు తగ్గినా చాలు, పల్లానికి నీళ్లు పారినట్టు చుట్టుపక్కల గాలంతా అక్కడికి పారుతుంది. అదీ లోతు.

ఇక తిరుగుడు. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి తిన్నగా రాలేదు. ఉత్తరార్ధగోళంలో కుడికి ఒరిగి, గుండం చుట్టూ అప్రదక్షిణంగా తిరుగుతుంది. గుడి చుట్టూ మనం తిరిగేదానికి సరిగ్గా ఎదురు. పాపకు ఇట్లా చెప్పి చూడు, పట్టేస్తుంది.

మదనపల్లె నుంచి ఒకరు:

అల్పపీడనం, వాయుగుండం ఒకటే కదన్నా?

నా జవాబు:

జాతి ఒకటే, మెట్టు వేరు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపుంటే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుపాను.

ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఈ పేర్లు గాలికి పెట్టినవి, వానకు కాదు. 2021 నవంబరు 18న తిరుపతి మునిగింది వాయుగుండానికే, తుపానుకు కాదు. కపిలతీర్థంలో ఆ రోజు కొండ మీద నుంచి దూకిన నీళ్లు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. గుండం మనకు ఆగ్నేయంగా సముద్రంలో ఉంటే, అప్రదక్షిణంగా తిరిగే గాలి మన మీదికి ఈశాన్యం నుంచి, తేమతో వస్తుంది. ఎదురుగా శేషాచలం. పక్కకు పోలేక కొండెక్కుతుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడిన గాలి అంత ఆవిరిని పట్టుకోలేదు, అది మోడమై వానగా దిగుతుంది. ఘాట్ రోడ్డెక్కేటప్పుడు మనకు తగిలే చల్లదనానికీ ఈ పైకి పోయేకొద్దీ చల్లబడే గుణమే కారణం. సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అందుకే "వాయుగుండమే కదా" అని తేలిగ్గా తీసుకోవద్దని నేను ప్రతి కార్తీకంలో ఇంట్లో చెబుతుంటాను.

పాకాల నుంచి ఒక అక్క:

మా దగ్గరి గాదంకిలో ఉన్న పెద్ద రాడార్ ఈ పైకి లేచే గాలినే కొలుస్తుంది. 1,024 యాంటెన్నాలు, నేల మీద తోట వేసినట్టు ఉంటాయి. అది సరే, వాయువు సంస్కృతం, గుండం వికృతి. సంస్కృత మాటకు తెలుగు మాట నియమం తప్పి అతికించే వైరిసమాసం కాదా ఇది?

నా జవాబు:

వ్యాకరణం పట్టుకుంటే మీ అభ్యంతరం సబబే అక్కా. వాయుకుండం అంటే నియమం నిలుస్తుంది, కానీ అందులో సుడిగుండం వినబడదు. ఆ వినికిడి కోసం నేను నియమాన్ని వదులుకుంటాను.

మా అవ్వ మాత్రం ఈ రెండు మాటలూ వాడలేదు. ఆకు కదలక, చెమట ఆరక, ఒళ్లంతా జిడ్డుగా ఉన్న సాయంత్రం "గాలి బిగబట్టింది, వాన ఉండాది" అనేది. గాలిలో ఆవిరి నిండితే చెమట ఆరదు, అదే ఉక్క. పేపర్లు రాకముందు సముద్రం వైపు నుంచి రోజుల తరబడి వచ్చే ఈ ముసురుకు సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు పెద్దలు ఏమనేవాళ్లు? తెలిసినవాళ్లు రాయండి.