గోల్ కొట్టాక ఈ ఓవరాక్షన్‌కి రెడ్ కార్డ్ ఇవ్వాలా, వద్దా?

సర్జాపూర్_నాన్న:
2025 ఫిబ్రవరిలో ఆర్సెనల్ 5-1తో మాంచెస్టర్ సిటీని చిత్తు చేసిన మ్యాచ్ చూసే ఉంటారు. 18 ఏళ్ల ఆర్సెనల్ కుర్రాడు లూయిస్-స్కెల్లీ గోల్ కొట్టగానే ధ్యానం ఫోజులో కూర్చున్నాడు. అది సిటీ స్ట్రైకర్ హాలాండ్ ఫోజు, అతన్ని ఎగతాళి చేయడానికే. అంతకుముందు సెప్టెంబర్‌లో ఇవే టీమ్‌ల మధ్య 2-2తో ముగిసిన మ్యాచ్‌లో హాలాండ్ ఏం తక్కువ తిన్నాడా? ఆర్సెనల్ ఆటగాడు గేబ్రియల్ తల మీదికి బంతి విసిరాడు, మ్యాచ్ అయ్యాక వాళ్ల కోచ్ ఆర్టెటాకి వినయం గురించి పాఠం చెప్పాడు. కోట్లు సంపాదించేవాళ్లకి ఇవేం బుద్ధులు?

టీవీ వరకే అయితే నాకెందుకు. పోయిన ఆదివారం అకాడమీలో ప్రాక్టీస్ మ్యాచ్. మావాడు గోల్‌లో ఉన్నాడు. ఒక పిల్లాడు గోల్ కొట్టి, తన టీమ్ దగ్గరికి పోకుండా నేరుగా మావాడి ముందుకొచ్చి, చెవికి చెయ్యి ఆనించి ‘ఏదీ, వినపడట్లేదే’ అన్నట్టు నిలబడ్డాడు. మావాడు ఒక గ్లోవ్ ఊడదీసి నెట్ వైపు తిరిగిపోయాడు. కోచ్ నవ్వుతున్నాడు! వెక్కిరిస్తే నేరుగా రెడ్ కార్డ్ ఉండాలని నేనంటాను.

కంఠీరవ_గ్యాలరీ:
బడాయి వల్ల స్కోరు మారదు సార్. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో, వెస్ట్ బ్లాక్‌లో నేనున్నా. ఎక్స్‌ట్రా టైమ్, 96వ నిమిషం. కేరళ బ్లాస్టర్స్ కీపర్ తన ముందు ఆటగాళ్లని వాల్‌లా సర్దుకుంటుంటే మన బెంగళూరు ఎఫ్‌సీ (బీఎఫ్‌సీ) ఛెత్రి ఫ్రీకిక్ గోల్‌లోకి కొట్టేశాడు. వాళ్ల కోచ్ వుకొమనోవిచ్ టీమ్‌ని లోపలికి తీసుకుపోయాడు, మళ్లీ రాలేదు. తర్వాత క్లబ్‌కి 4 కోట్ల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం. ఛెత్రి అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడని మనమే అంటాం. ఎవరినీ వెక్కిరించలేదు, మ్యాచ్ మాత్రం పట్టుకుపోయాడు. అది క్రీడాస్ఫూర్తేనా అని ఏ మలయాళీ మిత్రుడినైనా అడిగి చూడండి. నేను బీఎఫ్‌సీ వాడినే, అయినా ఆ రోజు అరిచి ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మీరేమో చెవికి చెయ్యి పెట్టాడని కేసు పెడుతున్నారు.

రూల్‌బుక్_రెడ్డి:
ఫుట్‌బాల్ రూల్‌బుక్‌లో 12వ నిబంధన చదవండి. రెచ్చగొట్టేలా, వెటకారంగా సైగలు చేస్తే ఎల్లో. షర్టు విప్పితే ఎల్లో. వీటికి రెడ్ లేదు.

హిందూపురం_బ్యాక్:
కబడ్డీలో తొడ కొడితే ఈలలేస్తాం కదప్పా. ఫుట్‌బాల్‌కి వచ్చేసరికి అందరూ రుషులైపోవాలా?

సర్జాపూర్_నాన్న:
కబడ్డీ వేరు. గ్యాలరీ గారూ, ఛెత్రి చేసింది రిఫరీ ఒప్పుకున్న గోల్. దాన్ని ఇక్కడికి లాగకండి. నేను సంస్కారం గురించి మాట్లాడుతున్నాను. 2000లో వెస్ట్‌హామ్ ఆటగాడు డి కానియో ఏం చేశాడు? ఎవర్టన్ కీపర్ దెబ్బ తగిలి పడి ఉంటే, గోల్ కొట్టే అవకాశం వదులుకుని బంతిని చేత్తో పట్టుకున్నాడు. ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది. అర్జెంటీనా కీపర్ మార్టినెజ్‌ని చూడండి, 2022 ప్రపంచకప్ గెలిచి, ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లోవ్‌తో చేసిన ఆ బూతు సైగ! ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు చూస్తున్నారు. దీనికెవరైనా జవాబు చెప్పండి.

కంఠీరవ_గ్యాలరీ:
అదే డి కానియో 1998లో రిఫరీని తోసి కింద పడేశాడు. 11 మ్యాచ్‌ల నిషేధం. ఒక్క సీన్ చూసి మనిషికి సంస్కారం సర్టిఫికెట్ ఇవ్వొద్దు సార్.

రూల్‌బుక్_రెడ్డి:
2017 ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబావ్‌లో బార్సిలోనా తరఫున మెస్సీ 92వ నిమిషంలో గోల్ కొట్టి షర్టు విప్పి జనానికి చూపించాడు. అందరూ ఫొటో ఫ్రేమ్ కట్టించుకున్నారు. ఎల్లో కార్డ్ మాత్రం పడింది. అభిమానం వేరు, రూలు వేరు.

వైట్‌ఫీల్డ్_వేణు:
షర్టు గురించి ఇక్కడ ఎవరడిగారు బ్రదర్ 😀

ఉల్సూర్_అత్త:
నాన్న గారూ, ఒక్కటి చెప్పండి. ఆ పిల్లాడు ఎవరు? మీ అపార్ట్‌మెంట్ వాళ్లబ్బాయేనా?

సర్జాపూర్_నాన్న:
కాదండీ, గౌతంపుర నుంచి వస్తాడు. ఆ ఏరియా పిల్లలకి ఇంట్లో చెప్పేవాళ్లుండరు కదా, గ్రౌండ్‌లో చూసిందే నేర్చుకుంటారు.

ఉల్సూర్_అత్త:
అనుకున్నాను. మాది ఆ పక్క వీధే. పెలే విగ్రహం పెట్టుకున్న పేట అది, ‘మినీ బ్రెజిల్’ అని పేపర్లవాళ్లే రాస్తారు. చెప్పేవాళ్లుండరా? అక్కడ తాతలు కూడా మ్యాచ్ చూసి తిడతారు, ఆట తప్పయితే చెవి మెలేస్తారు. మీ పిల్లాడే గోల్ కొట్టి అలా నిలబడి ఉంటే కాన్ఫిడెన్స్ అని స్టేటస్ పెట్టేవారు.

రియల్ మాడ్రిడ్‌లో ఆడే నల్లజాతి ఆటగాడు వినీసియస్ గోల్ కొట్టి డాన్సు చేస్తే స్పెయిన్ టీవీలో ఒకాయన కోతి వేషాలు మానమన్నాడు, 2022లో. మర్యాద గురించే చెబుతున్నానని ఆయనా అనుకున్నాడు. మరుసటి ఏడాది వాలెన్సియాలో స్టేడియం నుంచే ఆ మాటలొచ్చాయి. ముగ్గురు ప్రేక్షకులకి 8 నెలల జైలు శిక్ష పడింది. ఎవరు గొప్పలు పోతే ఎవరికి మండుతుందో చూడండి చాలు.

సర్జాపూర్_నాన్న:
నన్ను వాళ్లతో కలుపుతున్నారా? మాటలు తిన్నగా రానివ్వండి మేడమ్. నాకు ఏ పేట మీదా కోపం లేదు. మీకు తెలియని విషయం ఒకటుంది. నేను నెలనెలా ఫీజు కడుతున్నాను, డ్రైవర్ సెలవు పెడితే తెల్లవారుజామున నేనే దింపుతున్నాను. ఆ పిల్లాడికి ఫీజు లేదు, ఫ్రీ సీటు. వాడు వచ్చిన నెలకే మావాడిని స్ట్రైకర్ నుంచి తీసేసి గోల్‌లో నిలబెట్టారు. ఇప్పుడు వాడే వచ్చి మావాడి ముందు చెయ్యి చెవికి పెడతాడు. ఎంత మండుతుందో మీకేం తెలుసు.

కంఠీరవ_గ్యాలరీ:
ఇదీ సంగతి. హాలాండ్, మార్టినెజ్, డి కానియో అని యూరప్ అంతా తిప్పారు సార్ మమ్మల్ని.

హిందూపురం_బ్యాక్:
నేను మా ఊళ్లో స్కూల్ టీమ్‌కి ఆడినోణ్ణి. ఫీజు కట్టినోడు కదప్పా, గోల్ కొట్టినోడు స్ట్రైకర్. మా పీఈటీ సార్ తన సొంత తమ్ముణ్ణే కూర్చోబెట్టినాడు.

వైట్‌ఫీల్డ్_వేణు:
అలా కొట్టిపారేయకండి అన్నా. ఫీజు తీసుకున్నప్పుడు పిల్లాడిని ఎందుకు మార్చారో తండ్రికి చెప్పాలి. కోచ్ నవ్వాడంటే నాకూ నచ్చలేదు.

ఉల్సూర్_అత్త:
కోచ్‌ది తప్పే, ఒప్పుకుంటాను. ఆ రోజే ఇద్దరినీ పిలిచి చేతులు కలిపించాల్సింది. కానీ ఫ్రీ సీటు అంటే దానం కాదండీ. వాడు ఆడగలడని ఇచ్చారు. రెడ్ కార్డ్ ఇస్తే వాడు వచ్చే వారం రాడు, అంతే. మీవాడు ఆదివారం వేరే గ్లోవ్స్ కొనుక్కుని వెళ్తాడు. సరే, మీవాడికి గోల్‌కీపింగ్ నచ్చిందా లేదా? వాడేమంటున్నాడు?

సర్జాపూర్_నాన్న:
అది మా ఇంటి విషయం. మార్టినెజ్ గురించి అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.