‘ది రోడ్’ చదివినవాళ్లు ఈ చిక్కులు విప్పుతారా?

పర్లాకిమిడిలో మేం నలుగురం కార్మాక్ మెకార్తీ నవల ‘ది రోడ్’ (2006) చదువుతున్నాం. అందులో లోకం నాశనమైన క్షణాన గడియారాలు 1:17కి ఆగాయి. ముందు మెరుపు, వెనకే వరసగా దద్దరిల్లే చప్పుళ్లు. అణుబాంబులా, ఉల్కా? బాంబుల విద్యుదయస్కాంత తాకిడికి కరెంటు పోతుంది సరే, కీ ఇచ్చే గడియారం ఆగదు కదా.

బూడిద ఎండను కప్పేస్తే చెట్లు చావడం, వెలుతురు అక్కర్లేని పుట్టగొడుగులు మిగలడం సబబే. మింగుడుపడనిది, ఏళ్ల తర్వాత తండ్రీకొడుకులకు నేలమాళిగలో దొరికిన పీచ్ పళ్లలాంటి డబ్బాల తిండి. ఉబ్బినవి పారేస్తే చాలా? బొట్యులినమ్ (గాలి చొరని డబ్బాల్లో పెరిగే బాక్టీరియా) విషమున్న డబ్బా ప్రతిసారీ ఉబ్బదు, వాసనా రాకపోవచ్చు. పది నిమిషాలు బాగా మరిగిస్తేనే ఆ విషం విరుగుతుంది. పులుపున్న పళ్లయితే రేకును లోపలినుంచే తినేస్తాయి. (మావైపు తేమకి అతుకు దగ్గర తుప్పే చాలు.) అన్నేళ్లకి ఆ పీచ్ పళ్లు తినదగ్గవేనా? ఆహారం డబ్బాల్లో నింపే పని తెలిసినవాళ్లు చెప్పండి. ముగింపు మాత్రం చెప్పొద్దు, ఇద్దరు ఇంకా సగంలోనే ఉన్నారు.