5,000 పౌండ్లు లాగే వాహనానికి ఎంత ట్రైలర్ తగును?

ప్రశ్న

మేము డాలస్‌లో ఉంటున్నాము. జూన్ నెలలో అమరిల్లో, రేటన్ కనుమల మీదుగా కొలరాడో వెళ్ళి, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు పరిసరాలలో పది రోజులు ట్రైలర్‌లో గడపాలని అనుకుంటున్నాము. మేమిద్దరము, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వస్తున్న మా అత్తగారు, వెరసి ఐదుగురము. మా వాహనం టర్బో లేని వీ6 ఇంజనుతో, మూడు వరుసల సీట్లున్న మధ్యతరహా ఎస్‌యూవీ. దాని టోయింగ్ సామర్థ్యం 5,000 పౌండ్లనీ, హిచ్ (వాహనానికి ట్రైలర్‌ను తగిలించే అమరిక) మీద 500 పౌండ్లకు మించకూడదనీ మాన్యువల్‌లో ఉంది. మాకు నచ్చిన ట్రైలర్ ఖాళీ బరువు 3,900, గరిష్ఠ బరువు 4,950 పౌండ్లు. 5,000 లోపే ఉన్నది కనుక నిశ్చింతగా తీసుకోవచ్చునని అమ్మకందారు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద టైర్ల గాలి వివరాలున్న స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదని దాని మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను, మీ ఐదుగురి బరువులను చెప్పండి. అంతవరకూ ఎవరేమి చెప్పినా అది ఊహే.

ప్రశ్న అడిగినవారు

స్టిక్కరు మీద 1,350 పౌండ్లు అని ఉన్నది. మా ఐదుగురి బరువు కలిపి 580 పౌండ్లు. వాహనంలో పెట్టే సామాను 150 దాకా ఉండవచ్చు.

జవాబు

అయితే ఆ ట్రైలర్ మీకు సరిపోదండీ. ఎందుకో వివరంగా రాస్తాను.

అమ్మకందారు చెప్పిన 3,900 అనేది ఖాళీ బరువు. నిండిన గ్యాసు సిలిండర్లకు, బ్యాటరీకి కలిపి సుమారు 100 పౌండ్లు వేసుకోండి. గ్యాలను నీరు 8.34 పౌండ్లు తూగుతుంది కాబట్టి ముప్పై గ్యాలన్ల తొట్టి నింపితే మరో 250. దుప్పట్లు, కుర్చీలు, గిన్నెలు, కుక్కరు, బియ్యం బస్తా అన్నీ కలిపి 500 అనుకుందాం. మనవాళ్ళ వంట సామానుకు ఇది తక్కువ లెక్కే. మొత్తం 4,750 అవుతుంది.

ట్రైలర్ ఊగకుండా నిలకడగా రావాలంటే దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. దీనినే టంగ్ వెయిట్ అంటారు. 13 శాతం వేసుకుంటే సుమారు 615 పౌండ్లు. మీ హిచ్ పరిమితి 500 ఇక్కడే దాటిపోయింది. పైగా ఆ 615 పౌండ్లను వాహనం తన వీపు మీద మోస్తుంది కనుక, స్టిక్కరు మీది 1,350 లోంచే అది పోవాలి. మనుషులు 580, సామాను 150, హిచ్ సరంజామా 80, దానికి 615 కలిపితే 1,425. అక్కడా 75 పౌండ్లు ఎక్కువే.

మరి కంపెనీ 5,000 అని ఎలా చెప్పిందని మీకు అనిపించవచ్చు. ఆ అంకెలో అబద్ధమేమీ లేదు. ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణం ప్రకారం ఇలాంటి వాహనాలను పరీక్షించేటప్పుడు లోపల డ్రైవరు, పక్కన ఒకరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు అని మాత్రమే లెక్కిస్తారు. మీ వాహనంలో కూర్చునే ప్రతి అదనపు మనిషీ ఆ 5,000 ను కొంత కొరుక్కు తింటారు. అత్తగారిని దింపి వెళ్ళమని నేను చెప్పలేను కాబట్టి ట్రైలర్‌నే తగ్గించుకోవాలి.

వెనక నుంచి లెక్క కట్టండి. 1,350 లోంచి మనుషులు, సామాను, హిచ్ సరంజామా తీసేస్తే 540 మిగులుతుంది. కాస్త జాగా వదిలి 450 దగ్గర ఆగండి. 450 అనేది 13 శాతమైతే, నిండిన ట్రైలర్ బరువు 3,500 లోపు ఉండాలి. అంటే ఖాళీ బరువు 2,700 కు అటూ ఇటూ ఉన్నవి చూడండి.

మరొక సభ్యులు

మా మిత్రులు ఇలాంటి వాహనంతోనే 5,000 పౌండ్లు లాగుతున్నారు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టుకుంటే సరిపోతుందని అంటారు. లేదా బరువైన సామానంతా ట్రైలర్ వెనుక భాగంలో సర్దితే టంగ్ వెయిట్ తగ్గుతుంది కదా?

జవాబు

ఆ హిచ్ మంచి పరికరమే. వెనుక ఇరుసు మీద పడిన బరువులో కొంత ముందు ఇరుసుకూ, ట్రైలర్ ఇరుసుకూ పంచి, స్టీరింగు తేలిపోకుండా చూస్తుంది. అంతేగాని స్టిక్కరు మీది అంకెను పెంచదు. కొన్ని కంపెనీలు తమ వాహనాలకు దానిని వాడవద్దని మాన్యువల్‌లోనే రాస్తాయి, కాబట్టి కొనే ముందు చూసుకోండి.

సామాను వెనక్కి నెట్టడం మాత్రం అసలు వద్దు. ఎడ్లబండికి వెనుక మొగ్గు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడలు పట్టేసినట్లే ఇక్కడా జరుగుతుంది. తేడా ఏమిటంటే ఇది గంటకు అరవై మైళ్ళ వేగంలో జరుగుతుంది. టంగ్ వెయిట్ 10 శాతం లోపు పడితే, పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడు పుట్టిన ఊపు తగ్గకుండా పెరుగుతూ పోవచ్చు. అమరిల్లో ప్రాంతపు గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

గాలి ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొకటి. ట్రైలర్ ముఖం పెద్ద గోడ వంటిది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 65 నుంచి 75 మైళ్ళకు వెళితే నిరోధం మూడో వంతు పెరుగుతుంది. కొన్ని మాన్యువళ్ళు బరువుతో పాటు ముఖ వైశాల్యానికి కూడా పరిమితి చెబుతాయి. ఇక రేటన్ కనుమ ఎత్తు 7,834 అడుగులు. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది కాబట్టి అక్కడ మీకు ఐదో వంతుకు పైగా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు, ఐదు వారాల తరువాత

ఖాళీ బరువు 2,750 పౌండ్లున్న, ఒకే ఇరుసు ట్రైలర్ తీసుకున్నాము. అన్నీ సర్ది, అందరమూ కూర్చుని, ట్రక్ స్టాప్ కాటా మీద ఒకసారి ట్రైలర్‌తోనూ, మరొకసారి అది విప్పి వాహనం ఒక్కటీ తూయించాము. తగిలించినప్పుడు వాహనం రెండు ఇరుసుల బరువు 430 పెరిగింది. ట్రైలర్ ఇరుసు మీద 3,010 పడింది. అంటే మొత్తం 3,440, టంగ్ వెయిట్ 12.5 శాతం. అత్తగారి వెట్ గ్రైండరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నీళ్ళు ఖాళీ చేసి ప్రయాణించడం మేలా?

జవాబు

క్యాంపుగ్రౌండులో నీరు దొరికితే తొట్టి ఖాళీ చేసి వెళ్ళవచ్చు. అయితే తొట్టి ఇరుసుకు వెనుక ఉంటే, ఖాళీ చేసినప్పుడు టంగ్ వెయిట్ పెరుగుతుంది కనుక ఆ స్థితిలో మరొకసారి కాటా వేయించండి. మీ వాహనానికి నాలుగు పిన్నుల ప్లగ్గు మాత్రమే ఉంటే దీపాలే వెలుగుతాయి. ట్రైలర్ బ్రేకులు పనిచేయాలంటే ఏడు పిన్నుల ప్లగ్గు, డ్రైవరు దగ్గర నుంచి ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలరు తప్పనిసరి. ఖాళీ పార్కింగ్ స్థలంలో 20, 25 మైళ్ళ వేగంలో బ్రేకు తొక్కుతూ, ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోకుండా, వాహనాన్ని వెనుక నుంచి నెట్టకుండా ఉండేలా కంట్రోలరును సరిచేసుకోండి. రేటన్ దిగేటప్పుడు వాలు మొదలు కాకముందే తక్కువ గేరులోకి మార్చి, బ్రేకును అదేపనిగా తొక్కి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి వదులుతూ దిగండి.