సమస్యాపూరణం: 'సున్న వైపు నడచి మిన్ను దాకె'

సంచాలకుడు: ఈ వారం సమస్య:

*సున్న వైపు నడచి మిన్ను దాకె*

వామనుడు, హనుమంతుడు, ధరవరలు వద్దు, వాటితో ఇప్పటికే విసిగి ఉన్నాం. అనంత శ్రేణుల మీదే పూరించాలి. శ్రేణిలో కూడే సంఖ్యలు, అంటే పదాలు, సున్నకు పోతున్నా మొత్తం ఎందుకు ఆగదో పద్యంలో కనబడాలి.

గోదారిగట్టు:

ఒకటి, సగము, మూట నొకవంతు, పావును
గుంపు గట్టి చూడ గొలుసులోన
గుంపు గుంపు సగము గొనకొని చేకూర్ప
సున్న వైపు నడచి మిన్ను దాకె.

లఘుగురువు: 'గొనకొని' బాగా కుదిరింది. కానీ మూఁటలో అరసున్న ఎగిరిపోయింది, మూడింట ఒక వంతుకు బదులు నెత్తిన మూట పెట్టారు. ఎత్తుగడ కూడా ఎక్కడో విన్నట్టుంది. పోయిన నెల 'అడుగు లెన్ని యైన గడప మిగులు' సమస్యకు ఈయన మొదటి పాదం ఇది:

ఒకటి, సగము, పావు, నొక యరపావుగా

గడప ఒక గజం దూరంలో ఉందని తరువాతి పాదంలో తానే చెప్పి, మొదటి అడుగే గజం వేయించారు. నాయిక మొదటి అడుగుకే గడప మీద నిలబడింది, మిగతా అడుగులతో ఇంకో గజం నడిచి పెరట్లో తేలింది.

గోదారిగట్టు: ఆ గజాన్ని అప్పుడే 'రెండు గజా'లుగా దిద్దాను, మీరు చూడలేదు. ఒకటి, సగం, పావు, అరపావు కలిపితే ఒకటీ ఏడు అరపావులు. రెండుకు తక్కువైంది అరపావు, అంటే సరిగ్గా చివరి అడుగంత. ఎక్కడ ఆగినా మిగిలేది ఆఖరి అడుగంతే. గడప మిగలక ఏమవుతుంది?

నల్లబల్ల: పాత తగువు పక్కన పెట్టి రెండు పద్యాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. అక్కడ పావు తర్వాత అరపావు. ఇక్కడ సగానికీ పావుకీ నడుమ మూఁట నొకవంతు దూరింది, పావుకీ అరపావుకీ నడుమ ఇంకో మూడు దూరతాయి. ఆ దూరినవాళ్ళ వల్లనే గడప కాస్తా ఆకాశమైంది.

గోదారిగట్టు గారూ, అసలు లోటు రెండో పాదంలో ఉంది. గుంపు ఎంతమందితో కట్టాలో చెప్పలేదు. ఇద్దరిద్దరిని కడితే మొదటి గుంపు 1/3 + 1/4 సగం దాటుతుంది, రెండో గుంపు 1/5 + 1/6 మాత్రం 11/30 దగ్గరే ఆగి సగానికి కొదవ పడుతుంది. ఇద్దరు, నలుగురు, ఎనిమిదిమంది అంటూ పోవాలి. 1/5 నుంచి 1/8 దాకా నాలుగు పదాలు, అందులో చిన్నది 1/8, కాబట్టి మొత్తం సగం కంటే ఎక్కువే. 1350 ప్రాంతంలో ఫ్రాన్సులో ఒరేమ్ అనే పండితుడు ఈ మొత్తానికి హద్దు లేదని చూపడానికి చేసింది ఇదే, ఆయన ప్రాణమంతా ఆ రెట్టింపులోనే ఉంది.

గోదారిగట్టు: ఒప్పుకున్నాను. 'గుంపు రెట్టి చేయ గొలుసులోన' అని మార్చుకుంటున్నాను. అరసున్న కూడా పెట్టాను, మూట దించుకోండి.

సంచాలకుడు: 'రెట్టి' చిన్న మాటే, లెక్కంతా అదే మోస్తోంది.

ఎప్సిలాన్:

పదియు దాట వలయు పదములు వేలుగా,
నత్తనడక గాని నమ్ముఁ డింక
హద్దు లేదు, దాని కడ్డెవ్వ రిలలోన?
సున్న వైపు నడచి మిన్ను దాకె.

యతిభంగం: మూడో పాదంలో 'హ'కు 'క' ఏ యతి తమ్ముడూ?

ఎప్సిలాన్: దానికి + అడ్డు. 'క' కాదన్నా, లోపల ఉన్న 'అ'. హకారానికి అకారంతో చెల్లుతుంది.

యతిభంగం: చెల్లుతుందిలే, నిద్ర లేచావో లేదో చూశాను. ఇంతకీ 'వేలుగా' అంటే ఎన్ని?

ఎప్సిలాన్: పది దాటడానికి 12,367 పదాలు. గోదారిగట్టు గారి గొలుసే నాదీ, 1 + 1/2 + 1/3 + 1/4... అనే హార్మోనిక్ శ్రేణి. రెండు దాటడానికి నాలుగు పదాలు చాలు, మూడుకు 11, నాలుగుకు 31, అయిదుకు 83. ఇరవై దాటాలంటే 27,24,00,600. ఒక్కో మెట్టుకూ పదాలు ఇంచుమించు 2.718 రెట్లు పెరుగుతాయి. మొత్తం లాగరిథంలా నడుస్తుంది కదా.

లఘుగురువు: రెట్టి గుంపులతో 1024 పదాలకు 6 మాత్రమే హామీ, అసలు మొత్తం 7.5. గోదారిగట్టు గారి పద్యం తక్కువ చెప్పి నెగ్గింది. పద్యానికి అది గుణమే, నేనన్నానని ఆయనకు చెప్పకండి.

మేడమీద:

పావు, తొమ్మిదింట పాలొక్కటిని గూర్ప
మేర లేక పెరిగి మేడ గట్టి
నిలువ నీడ లేక నింగిని వెదుకుచు
సున్న వైపు నడచి మిన్ను దాకె.

యతిభంగం: ఆహా! మూడో పాదం ఈ వారానికే తలమానికం. గణాల్లో వేలు పెట్టడానికి సందు లేదు.

నల్లబల్ల: గణాలు తప్పలేదు, గణితం తప్పింది. 1/4, 1/9, 1/16... ఇవి వర్గాల విలోమాలు, దీనికి మేర ఉంది. 1/4 కంటే 1/2 పెద్దది. 1/9 కంటే 1/6 పెద్దది, అది 1/2 - 1/3. 1/16 కంటే 1/12 పెద్దది, అది 1/3 - 1/4. ఆ పెద్దవాటిని కూడితే నడుమవన్నీ కొట్టుకుపోయి ఒకటి మిగులుతుంది. కాబట్టి మీ చిన్నవాటి మొత్తం ఎన్నటికీ ఒకటి దాటదు. మొదటి పదం ఒకటిని కూడా కలిపితే పై వర్గంలో ఆరోవంతు, అంటే 1.6449 అని 1734లో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. మీరు ఆ ఒకటిని వదిలేశారు కనుక 0.6449.

గోదారిగట్టు: అంటే మేడకు మొదటి స్లాబు కూడా పడలేదన్నమాట.

మేడమీద: ప్రశ్నార్థకంగా తిప్పేస్తాను:

పావు, తొమ్మిదింట పాలొక్కటిని గూర్ప
రెండు మించదాయె నిండు లెక్క,
యెట్లు పలికిరయ్య యిది నేర్చి బుధులెల్ల
'సున్న వైపు నడచి మిన్ను దాకె'?

నల్లబల్ల: ఇప్పుడు అబద్ధం లేదు. 'రెండు మించద'నడం పిల్లాడికి నాన్న చొక్కా తొడిగినట్టుంది, అంతే. ఒకటే మించదు.

లఘుగురువు: పాత మూడో పాదం పోయినందుకు బాధగా ఉంది. దాన్ని హార్మోనిక్ శ్రేణికి అతికించి కాపాడండి ఎవరైనా.

సి_ప్రోగ్రామరు: పద్యం రాదు, ఒక సందేహం. హార్మోనిక్ శ్రేణిని కంప్యూటర్ దశాంశ సంఖ్యల రకం ఫ్లోట్‌లో వరుసగా కూడితే 15.4 దగ్గర ఆగిపోతోంది. మిన్ను ఎత్తు అంతేనా?

ఎప్సిలాన్: ఆగింది మీ ఫ్లోట్, శ్రేణి కాదు. 8కీ 16కీ మధ్య 32 బిట్ల ఫ్లోట్‌లో పక్కపక్క సంఖ్యల ఎడం 1/10,48,576. పదం అందులో సగానికి, అంటే 1/20,97,152కు దిగేసరికి కూడినా మొత్తం కదలదు. రెట్టింపు బిట్ల డబుల్ వాడితే ఆ రోగం చాలా దూరానికి పోతుంది గాని నయం కాదు. చిన్న పదాల నుంచి వెనక్కి కూడినా మెరుగే. ఏదేమైనా తెర మీద అంకె కదలడం లేదని అభిసరణ, అంటే మొత్తం ఒక విలువకు చేరడం, అనుకోకూడదు.

యతిభంగం: నా వంతు. ప్రధాన సంఖ్యల విలోమాలు. 'ప్రధాన' జగణం (లఘువు, గురువు, లఘువు) కనుక తోడు లేకుండా ఒదగదు, అందుకే తెలుగు చేశాను:

చీలనట్టి సంఖ్యల చీలికల్ గూర్చిన
నెంత నెమ్మదైన నెదుగు చుండు
ఆయిలరు గణించె నతిసన్న గొలుసును,
సున్న వైపు నడచి మిన్ను దాకె.

ఎప్సిలాన్: అన్నా, మొదటి పాదం మూడో గణం! 'సంఖ్యల'లో ఒక లఘువు మిగిలింది. సూర్యగణం ఉండాల్సిన చోట ఇంద్రగణం పడింది, సూర్యుడి కుర్చీలో ఇంద్రుడు కూర్చున్నాడు.

గోదారిగట్టు: పేరు సార్థకం కాబోయి కొద్దిలో తప్పింది, ఇది గణభంగం. 'అతిసన్న' కూడా వైరి సమాసమే, సంస్కృతానికి తెలుగు అతికించారు.

యతిభంగం: 'సంఖ్య' అని చదువుకోండి. సమాసం మాత్రం దిద్దను, నోటికి ఇంపుగా ఉంది.

నల్లబల్ల: విషయం మాత్రం గట్టిది. 1737 నాటి ఆయిలర్ ఫలితం. 'ఎంత నెమ్మదైన' అన్నది అలంకారం కాదు, నిజం. 2, 3, 5 తోనే ఒకటి దాటుతుంది. రెండు దాటాలంటే 277 దాకా పోవాలి, మూడుకు 51,95,977 దాకా. నాలుగు దాటించే ప్రధాన సంఖ్యకు 19 అంకెలు. దీని పక్కన హార్మోనిక్ శ్రేణి గుర్రమే.

సంచాలకుడు: ఈ వారం తాంబూలం యతిభంగం గారికి, లఘువు తీసేసిన పాఠానికే. 'రెట్టి' అన్న మాట వరకు గోదారిగట్టు గారికి అరతాంబూలం. ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోయే హార్మోనిక్ శ్రేణి (1 - 1/2 + 1/3 - 1/4...) మొత్తం సహజ లాగ్ 2, అంటే 0.693. అవే పదాలను ఒక ధనానికి రెండు రుణాల చొప్పున పేర్చండి, మొత్తం అందులో సగానికి పడిపోతుంది. వచ్చే వారం సమస్య అందులోంచే:

*వరుస మార్చినంత మరొక విలువ*

లఘుగురువు: సంచాలకులవారూ, 'వరుస', 'మరొక'ల రెండో అక్షరం కలిపి ప్రాసయతి వేశారు, సంతోషం. మరి 'మఱొక'లో ఉన్నది బండి ఱ కదా?

గోదారిగట్టు: మొదలైంది.