అప్‌డేట్: స్వాప్ ఫైల్ ఆఫ్‌సెట్ ఇచ్చాక హైబర్నేట్ పనిచేస్తోంది

హన్మకొండలోని మా ఇంట్లో కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా దిగిపోయే వేళకు లినక్స్ ల్యాప్‌టాప్‌ను హైబర్నేట్ చేస్తే (మెమరీలోని పనిని డిస్కులో దాచి ఆపేస్తే), మళ్లీ ఆన్ చేసినప్పుడు తెరిచి ఉంచిన పనంతా పోయి కొత్తగా బూట్ అవుతోందని ఇదివరకు అడిగాను. కారణం తెలిసింది.

మెమరీని డిస్కులో దాచే సమయంలో, ఆ ప్రతి చేరే స్వాప్ ఫైల్ ఎక్కడుందో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపే ప్రోగ్రామ్) తానే కెర్నల్‌కు, అంటే లినక్స్ మూలభాగానికి, చెబుతోంది; కానీ తిరిగి లేచేటప్పుడు ఫైల్ సిస్టమ్ మౌంట్ కాకముందే (వాడకానికి తెరుచుకోకముందే) ఆ ప్రతిని చదవాలి కాబట్టి, ఫైల్ పేరు కెర్నల్‌కు ఎందుకూ పనికిరాదు, డిస్కుపై అది మొదలయ్యే చోటు అంకెగా తెలియాలి. నేను బూట్‌లో కెర్నల్‌కు ఇచ్చే రెజ్యూమ్ పరామితిలో పార్టిషన్ యూయూఐడీ (ఆ డిస్కు భాగపు గుర్తింపు సంఖ్య) మాత్రమే ఇచ్చి ఊరుకున్నాను.

ఫైల్ డిస్కుపై ఎక్కడుందో చూపే ఆదేశాన్ని, సుడో ఫైల్‌ఫ్రాగ్ హైఫన్ వి అని స్వాప్ ఫైల్ పేరు ఇచ్చి చూస్తే, మొదటి వరుసలో ఫిజికల్ ఆఫ్‌సెట్ కింద 34816 కనిపించింది. దానినే రెజ్యూమ్ ఆఫ్‌సెట్‌గా గ్రబ్‌లో (బూట్ లోడర్‌లో) చేర్చి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను కూడా మళ్లీ తయారుచేశాను. సిస్ కింద పవర్ ఫోల్డర్‌లోని రెజ్యూమ్ ఆఫ్‌సెట్ ఫైల్‌లో బూట్ కాగానే మునుపు 0 ఉండేది, ఇప్పుడు అదే అంకె ఉంది.

నా ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ వాడేవారు ఫైల్‌ఫ్రాగ్ అంకెను దయచేసి నమ్మకండి, అక్కడ మ్యాప్-స్వాప్‌ఫైల్ అనే ఆదేశం వేరుగా ఉంది. స్వాప్ ఫైల్‌ను తీసేసి కొత్తది చేస్తే అంకె మారవచ్చు, మళ్లీ చూసుకోవాలి.