సెలవు తర్వాత సేవా స్థలానికి తిరిగొచ్చాం, కుదురుకోలేకపోతున్నాం

నేనూ మా ఆయనా విదేశంలో మిషనరీలుగా ఉన్నాం. దాదాపు ఏడాది స్వదేశంలో గడిపి, రెండు నెలల క్రితం పిల్లలతో తిరిగొచ్చాం. పిల్లలు ఇట్టే కలిసిపోయారు. ఇబ్బందంతా మా ఇద్దరికే.

రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ప్రయాణం వల్ల అనుకోవడానికి లేదు, గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున శరీరం సర్దుకుంటుంది కదా, ఆ గడువు ఎప్పుడో దాటింది. స్థానిక భాష అర్థమవుతోంది గానీ, జవాబు చెప్పబోతే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

అన్నిటికన్నా బరువుగా ఉన్నది సంఘం సంగతి. మేం లేనప్పుడు ఆరాధన, బైబిలు అధ్యయనం, గృహ సందర్శనాలు స్థానిక పెద్దలే చేపట్టి చక్కగా నడుపుతున్నారు. మేం ఏళ్లుగా ప్రార్థించిందీ అందుకే, దేవునికి స్తోత్రం. మొన్న ఆదివారం ఒక పెద్దాయన ఆప్యాయంగా కుర్చీలు వేసి, "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అన్నారు. కూర్చున్నాం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

భాషా పాఠాలు మళ్లీ మొదలుపెట్టాం. పగటి నిద్ర మానేశాం. మమ్మల్ని పంపిన సంఘం పాస్టరుగారితో వారం వారం మాట్లాడుతున్నాం. భాష కాస్త తేలికైంది, మిగతాది అలాగే ఉంది. పాత బాధ్యతలు తిరిగి అడగడం మాత్రం సరికాదని మా గట్టి నమ్మకం.

ఇలా తిరిగొచ్చినవాళ్లు చెప్పండి: స్థానిక నాయకుల పక్కన మీ కొత్త పని ఏమిటో ఎలా తేల్చుకున్నారు, వాళ్లు పిలిచేదాకా ఆగారా, మీరే అడిగారా?